గోడమీద ఖల్లివల్లి

ఫోను మోగినప్పుడు సింధూజ బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. పెళ్ళయి నాలుగు నెలలు, ఒమాన్‌లోని సోహార్‌కు వచ్చి మూడు నెలలు. మొగుడి చొక్కా పక్కన తన చున్నీ ఆరేయడం కూడా ఆమెకింకా పండగలాగే ఉంది. రెండింటికీ కలిపి ఒకే క్లిప్పు పెట్టి, గాలికి అవి ఒకదాన్నొకటి తోసుకుంటుంటే నిలబడి చూస్తుంది. తడిచేతిని నడుముకు తుడుచుకుని ఫోను తీసింది. ఆఫీసు నుంచి ఫహద్ పంపిన కబురు. కమిటీ ఒప్పుకుంది, తెలుగువాళ్ళ సమావేశం వచ్చే శుక్రవారం పెట్టుకోవచ్చు, టీ, సమోసాల సంగతి ఆఫీసే చూసుకుంటుంది.

ఆమె గిర్రున తిరిగింది. బకెట్ బోర్లాపడి నీళ్ళు కింద ఫ్లాట్ వాళ్ళ ఏసీ మీద పడ్డాయి. ఎవరో హిందీలో తిట్టారు. ఆ తిట్టు కూడా ఆమెకు ముద్దుగానే వినిపించింది.

సోహార్ శివార్లలో ఒక ప్రైవేటు యూనివర్సిటీ ఉంది. అందులో విదేశీ వ్యవహారాల ఆఫీసులో సింధూజది ఆరు నెలల తాత్కాలిక ఉద్యోగం. దాని అధిపతి ఫహద్ ఒమాన్ మనిషి, నలభై దాటినవాడు, గొంతు పెంచి ఎరగనివాడు. రాబోయే అయిదేళ్ళలో ఏ దేశపు కాలేజీలతో కలిసి నడవాలి, ఎక్కడినుంచి విద్యార్థుల్ని రప్పించుకోవాలి అని యూనివర్సిటీ ఒక ప్రణాళిక రాసుకుంటోంది. రాసేముందు ఊళ్ళో జనం మాట కూడా వినాలని పైవాళ్ళు నియమం పెట్టారు. అరబ్బీలో ఒక సభ, ఇంగ్లీషులో ఒక సభ అనుకున్నారు. ప్రణాళికలో కడప, రాయచోటి, కరీంనగర్, నిజామాబాద్ కాలేజీల పేర్లు చూసిన సింధూజ ఒకరోజు ఊరుకోలేక, ఆ ఊళ్ళవాళ్ళు వేలమంది ఇక్కడే సైట్లలోనూ ఇళ్ళలోనూ పనిచేస్తున్నారు కదా, వాళ్ళనెందుకు అడగరు అంది. ఫహద్ పెన్ను కింద పెట్టి, మంచి ప్రశ్న, ఒక పేజీ రాసివ్వండి అన్నాడు. ఆమె మూడు పేజీలు రాసింది.

ఆ సాయంత్రం రఘుపతి స్టీలు ప్లాంటు డ్యూటీ దిగి వస్తూ చిన్న డబ్బా హల్వా తెచ్చాడు. ఇద్దరూ ఒకే చెంచాతో తిన్నారు. పొయ్యి మీద అన్నం మాడిపోయింది. రఘుపతి గిన్నెలోకి తొంగిచూసి, "ఖల్లివల్లి" అన్నాడు. ఈ దేశంలో సింధూజ మొట్టమొదట నేర్చుకున్న మాట అది. పోనీలే, వదిలెయ్ అని దాని అర్థమని అతనే చెప్పాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో చెప్పు తెగినా ఖల్లివల్లే, బస్సు తప్పినా ఖల్లివల్లే. ఆ మాట అన్నప్పుడల్లా ఇద్దరికీ నవ్వొచ్చేది.

సభకు జనాన్ని పోగుచేసిన పుణ్యం దేవయ్యది. యాభై దాటిన మేస్త్రీ, ఆర్మూరు దగ్గరివాడు. ఇరవై రెండేళ్ళుగా ఈ దేశంలో గోడలు కడుతున్నాడు. యూనివర్సిటీ లైబ్రరీ గోడ కూడా తన చేతిదేనని, లోపలికి మాత్రం ఇప్పుడే వస్తున్నానని గేటు దగ్గర సెక్యూరిటీకి వినబడేట్టు చెప్పాడు. అతని వెనక క్యాంపు నుంచి ముప్పైమంది దాకా మగవాళ్ళు వచ్చారు, శుక్రవారపు ఇస్త్రీ చొక్కాలతో, తలకు నూనె రాసుకుని. ఆడవాళ్ళు ముగ్గురే. అందులో ఒకామె నసీమా. రాయచోటి మనిషి, ముప్పై ఆరేళ్ళుంటాయి. సింధూజ వాళ్ళ బిల్డింగ్‌లో మెట్లు కడుగుతుంది, పై అంతస్తులో రెండిళ్ళలో పనిచేస్తుంది. వంగి తుడుస్తూనే, దిగివచ్చే సింధూజను పాదాల్ని బట్టి గుర్తుపట్టి "బాగుండావా పాపా" అని పలకరిస్తుంది. రాను రాను అంటుంటే సింధూజే చెయ్యిపట్టుకుని బస్సెక్కించింది.

తెల్లబోర్డు మీద సింధూజ ఎంతో ముచ్చటపడి 'అంతర్జాతీయ సంబంధాలు' అని రాసింది. దేవయ్య లేచి గొంతు సవరించుకున్నాడు.

"సంబంధమంటున్నరు మేడమ్. మీది పిల్ల దిక్కా, పిలగాని దిక్కా?"

గది గొల్లుమంది. ఆమె తడబడి ఇంగ్లీషులో దీన్ని ఎంగేజ్‌మెంట్ అంటారని చెప్పింది. అది ఇంకా పెద్ద తప్పయింది. వెనక బెంచీలో ఎవరో, యూనివర్సిటీకి ఎంగేజ్‌మెంటట, సమోసలు గందుకే పెట్టిన్రు అన్నాడు. సింధూజ కూడా నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. ఆ నవ్వుతో అందరికీ నోళ్ళు వచ్చాయి. శుక్రవారాల్లో లైబ్రరీ కంప్యూటర్ల ముందు తమనూ కూర్చోనిస్తారా అని ఒకడడిగాడు. గేటు ముందు బస్సు కోసం నిలబడేచోట ఒక నీడ వేయించమని ఇంకొకడు. ఆమె ఒక్కొక్కరి మాటా తెల్ల కార్డు మీద తెలుగులో రాసుకుంది. పేర్లు రాయనని ముందే మాటిచ్చింది.

చివర్లో నసీమా, బల్ల అంచు గీకుతూ, ఎవరివైపూ చూడకుండా అంది.

"మీరు మా రాయచోటికి పోతారంట గదా, పిల్లోళ్ళను పిల్చకరాను. పోయినప్పుడు ఒగ గంట మా ఆడోళ్ళక్కూడా పెట్టండి, ఇమానం ఎక్కేముందర. కాగితంలో ఏముందో చదివి చెప్తే చాలు. ఏలిముద్ర ఏసేటప్పుడు దాంట్లో ఏం రాసినారో మాకు ఎవురూ చెప్పలా."

సమోసా నములుతున్నవాళ్ళు ఆపేశారు. తను రాసిన మూడు పేజీలూ ఈ ఒక్క కార్డు కోసమే అనిపించింది సింధూజకు. టీ తాగేటప్పుడు ఆఫీసు కెమెరా పట్టుకుని నసీమా దగ్గరికి పోయింది.

"నాకెందుకు పాపా ఫోటో" అని నసీమా పైట చెంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. "నేను ఖల్లివల్లి మనిషిని."

ఆ మాట ఆమె నోట వినేసరికి సింధూజ మనసు పొంగిపోయింది. అన్నీ వదిలేసిన మనిషినమ్మా, నన్నూ వదిలెయ్ అంటోందనుకుంది. ఎంత బాగా చెప్పింది అనుకుంది. కిటికీ వెలుతురు ఒక పక్క పడుతుంటే, చెంగు పైనుంచి నవ్వుతున్న కళ్ళు, టీ కప్పు పట్టుకున్న గాజుల చెయ్యి వచ్చేట్టు చటుక్కున నొక్కింది. చూపిస్తే నసీమా తల అడ్డంగా ఊపింది. పేరు రాయను కదక్కా అని సింధూజ ఆమె భుజం మీద చెయ్యివేసింది. మన పిల్లే కదా అనుకుందో ఏమో, నసీమా మరి మాట్లాడలేదు.

రెండు వారాలు ఆఫీసులో కాగితాల జాతర. ముప్పై మూడు కార్డుల్నీ సింధూజ ఇంగ్లీషు చేసింది. అవి కమిటీకి పోయి, తిరిగి వచ్చి, మళ్ళీ పోయాయి. ప్రతిసారీ కొంచెం చిక్కాయి. లైబ్రరీ మాట భద్రత కారణంగా పోయింది. నీడ మాట పురపాలక సంఘానిదని పోయింది. రాయచోటిలో గంటసేపు కాగితం చదివిచెప్పే మాట కోసం ఆమె ఫహద్ ముందు అరగంట వాదించింది. అతను ఓపిగ్గా విన్నాడు. ఆలోచన గొప్పదే, కానీ అది కార్మిక శాఖల పని, చదువు చెప్పేవాళ్ళది కాదు అన్నాడు. చివరి ప్రతిలో తెలుగువాళ్ళ గురించి మిగిలింది ఒక్క వాక్యం, వాళ్ళు ఉత్సాహంగా పాల్గొన్నారని.

ఫోటో మాత్రం అందరికీ నచ్చింది. దానికి జతగా ఏం చెప్పిందామె అని ఫహద్ అడిగితే సింధూజ ఆ మాట చెప్పింది. అతను కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు.

"ఇది మా వీధి మాట. మీ ఊరి మనిషి నోట్లో ఎంత అందంగా కూర్చుందో చూశారా. రెండు సముదాయాలు కలవడమంటే ఇదే కదా."

ప్రణాళికకు అదే ముఖచిత్రమైంది. ముందు హాల్లో మనిషెత్తు బోర్డు కట్టారు. నసీమా కళ్ళు, గాజులు, టీ కప్పు. పైన అరబ్బీ అక్షరాల్లో 'ఖల్లివల్లి', కింద ఇంగ్లీషులో సింధూజ కూర్చిన వాక్యం: నా చింతలన్నీ వదిలేశాను. మొదటిరోజు ఆమె దాని ముందు నిలబడి సెల్ఫీ తీసుకుంది. కాగితం చదివే గంట పోయిందన్న బాధ, ఆ బోర్డు ముందు, నిజంగానే కాస్త తగ్గింది.

మంగళవారం సాయంత్రం స్టాఫ్ బస్సులో అందరూ దిగిపోయాక డ్రైవర్ ఇస్రార్ ఇంజన్ ఆపేశాడు. పెషావర్ వైపు మనిషి, పెద్దగా మాట్లాడేవాడు కాదు. వెనక్కి తిరగకుండానే, అద్దంలో చూస్తూ, ఆ బోర్డు మీది ఆడమనిషి మీకేమన్నా పగదారా మేడమ్ అని ఉర్దూలో అడిగాడు.

సింధూజకు అర్థం కాలేదు. అతను నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పుకొచ్చాడు. అరబ్బులు ఆ మాటను వదిలెయ్ అని వాడతారు, చిరాకులో అంటే పీడా పోయింది అని కూడా. కానీ కూలి పని చేసేవాళ్ళలో, హిందూస్తానీ గానీ పాకిస్తానీ గానీ బంగాలీ గానీ, ఖల్లివల్లి అంటే ఒకటే. కఫీల్ దగ్గర్నుంచి, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని దగ్గర్నుంచి పారిపోయి, కాగితాల్లేకుండా దాక్కుని బతికే మనిషి. క్యాంపుల ఫోన్లన్నిటిలో ఈ ఫోటో తిరుగుతోంది. దొంగ తనంతట తను పోలీస్ స్టేషన్ గోడకెక్కినట్టుందని నవ్వుకుంటున్నారు. ఆ గాజుల్ని గుర్తుపట్టినవాళ్ళు నవ్వడం లేదు.

సింధూజ బస్సు దిగింది. బిల్డింగ్ మెట్లమీద మట్టి అడుగులు అట్లాగే ఉన్నాయి. పై అంతస్తుకు పరుగెత్తింది. తలుపు తీసిన ఇంటావిడ, నసీమా ఇక రాదని, పోలీసులొస్తే జరిమానా ఎవరు కట్టాలని, మీరైనా ముందే చెప్పొద్దా అని గొలుసు తీయకుండానే అంది.

దేవయ్యకు ఫోను చేస్తే మిగతాది తెలిసింది. నసీమా రెండేళ్ళ కింద ఇబ్రిలో కఫీల్ ఇంటినుంచి బయటపడింది. తల్లి చనిపోతే కూడా పంపలేదని. అతను పారిపోయిందని కేసు పెట్టాడు, పాస్‌పోర్టు అతని దగ్గరే ఉంది. దేవయ్య ఒకప్పుడు అతనికి ప్రహరీ కట్టిన పరిచయంతో మూడు నెలలుగా కాళ్ళావేళ్ళా పడుతుంటే, కేసు వాపసు తీసుకుంటాను, రాయచోటికి పొమ్మను అని మొన్ననే మెత్తబడ్డాడు. ఈలోగా అదే యూనివర్సిటీలో చదివే అతని మేనల్లుడు హాల్లో బోర్డు చూశాడు. రెండేళ్ళు తమ ఇంట్లో తనకు టీ ఇచ్చిన చెయ్యి, ఆ కళ్ళు. ఫోటో తీసి మామకు పంపాడు. తన ఇంటినుంచి పారిపోయిన పనిమనిషి, పీడా పోయింది అని, మనిషెత్తున నవ్వుతూ. కఫీల్ కళ్ళకు ఆ బోర్డు అట్లా కనబడింది.

"గాయిన కోపం గాయినది మేడమ్" అన్నాడు దేవయ్య. "నేనైనా అట్లనే అనుకుందును."

రఘుపతి ఇంటికి వచ్చేసరికి సింధూజ లైటు కూడా వేసుకోకుండా కూర్చుని ఉంది. అంతా విని అతను నుదురు రుద్దుకున్నాడు.

"ఆ మాటకు రెండు అర్థాలున్నయ్ సింధూ. క్యాంపుల వేరే తీరుగ అంటరు."

"మరి నాకు ఒకటే ఎందుకు చెప్పినవ్?"

"నువ్వు గోడకు రాస్తవని నాకేం ఎర్క."

ఆ మాటకు ఇద్దరికీ నవ్వు రాలేదు. అతను దగ్గరికి జరిగి, ఆమె చెయ్యి తన చేతుల్లోకి తీసుకుని, ఎంతో ప్రేమగానే చెప్పాడు. దీంట్లో నీ పేరు ఎక్కడా రానీయకు, బిల్డింగ్‌లో ఆమెతో మాట్లాడేదానివని కూడా ఎవరికీ అనకు, నీ వీసా నా వీసాకు ముడిపడి ఉంది, నాది కంపెనీకి ముడిపడి ఉంది అన్నాడు. అన్నీ నిజాలే. పెళ్ళయ్యాక మొదటిసారి ఆమెకు అతని చెయ్యి బరువుగా అనిపించింది. నెమ్మదిగా తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

బుధవారం పొద్దున్నే ఫహద్ గదికి పోయింది. అతను నిజంగా నొచ్చుకున్నాడు. లేచి తలుపు మూశాడు, మంచినీళ్ళు ఇచ్చాడు. వెబ్‌సైట్‌లోంచి ఫోటో అప్పటికప్పుడు తీయించాడు. బోర్డు సంగతి మాత్రం ఆలోచించి చెప్పాడు. రేపు ప్రణాళిక విడుదల, మూడు దేశాల అతిథులు వస్తున్నారు, అచ్చయిన ఎనిమిది వందల పుస్తకాల మీదా ఆమె ముఖమే ఉంది. ఇప్పుడు గోడ ఖాళీ చేస్తే ఎందుకని అడుగుతారు, అడిగితే ఆమె గురించి చెప్పాల్సి వస్తుంది, అది ఆమెకే మంచిది కాదు. రేపు సాయంత్రం అతిథులు వెళ్ళిన మరుక్షణం తీయిస్తాను అన్నాడు. ఈలోగా, బోర్డు మీది వాక్యం ఆమె చెప్పింది కాదు, నేను రాసింది అని కఫీల్‌కు ఒక్క ఉత్తరం ఇవ్వండి అని సింధూజ బతిమాలింది. యూనివర్సిటీ ముద్రతో అలాంటి ఉత్తరం ఇస్తే కాగితాల్లేని మనిషిని మన సభకు పిలిచామని మనమే ఒప్పుకున్నట్టవుతుంది సింధూజా అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది. చివరికి, తొమ్మిదింటికి బోర్డు దగ్గర మీరుండాలి, అతిథులకు సముదాయం మాట వివరించేది మీరే అని గుర్తుచేశాడు.

ఆఫీసు అయ్యాక ఆమె ఇంటికి పోలేదు. దర్జీ దుకాణాల వెనక సందులో నసీమా ఉండే గది వెతుక్కుంటూ పోయింది. నలుగురు ఆడవాళ్ళు కలిసి ఉండే గది. ఈ గొడవతో తమకూ ముప్పని మిగతావాళ్ళు రెండు రోజుల్లో ఖాళీ చేయమన్నారట. దేవయ్య గడప దగ్గర బోర్లించిన బకెట్ మీద కూర్చుని ఉన్నాడు. నసీమా సంచి సర్దుకుంటోంది. చేతికి గాజులు లేవు.

సింధూజ గుమ్మంలోనే నిలబడిపోయింది. నసీమా తల ఎత్తింది.

"రండి మేడమ్" అంది.

మేడమ్ అన్న ఆ పిలుపు చెంపదెబ్బలా తగిలింది. క్షమించమని అడగబోతే నసీమా చెయ్యెత్తి ఆపింది.

"మీరు కావాలని చేసినారని నేను అంటాండ్లా. ఫోటో వద్దంటి. ఆ వద్దన్న మాటనే తీసకపోయి గోడకేసిరి."

సింధూజ నేలమీద కూర్చుంది.

విషయం దేవయ్య చెప్పాడు. పొద్దున్నుంచి కఫీల్‌తో మూడుసార్లు మాట్లాడాడట. ఊరికే వదలడట. వచ్చి ఇంకో ఎనిమిది నెలలు ఇంట్లో పనిచేయాలి, ఇంటి ఆడవాళ్ళందరి ముందు క్షమాపణ చెప్పాలి, అప్పుడు కేసు తీస్తాడు. లేకపోతే ఎక్కడుందో పోలీసులకు తనే చెబుతాడు.

"మాట మీద నిలవడ్తడా?" అని సింధూజ అడిగింది.

"నిలవడితే ఎనిమిది నెల్లు. లేకుంటే ఎన్ని నెల్లో దేవునికెర్క" అన్నాడు దేవయ్య.

నసీమా వెళ్ళడానికే సిద్ధపడింది. రెండేళ్ళు దాక్కుని అలసిపోయానని, పట్టుబడి పోవడంకన్నా నడిచి పోవడం నయమని, ఏదో బజారుకు పోతున్నట్టు చెప్పింది. చీరలు ఒకదానిమీద ఒకటి పెడుతూనే ఉంది.

"నేనూ వస్తాను" అంది సింధూజ. "ఆ మేనల్లుడికి ఇంగ్లీషు వస్తుంది. రాసింది నేనని, నా పేరు, నా ఉద్యోగం చెప్పి ఒప్పుకుంటాను. అప్పుడైనా ఎనిమిది నెలలు ఎందుకని అడగొచ్చు."

దేవయ్య తల అడ్డంగా ఊపాడు. "మీరు అడుగుడు, రాసుడుతోనే గదమ్మా గింత దూరం అచ్చింది."

అతని గొంతులో ఎకసెక్కం లేదు. అందుకే అది మరింత లోతుకు దిగింది. సింధూజ ఫోను అప్పుడే రెండుసార్లు మోగింది. ఒకటి రఘుపతి, ఎక్కడున్నావని. రెండోది ఫహద్, రేపు కట్టుకోవాల్సిన చీర రంగు గురించి, బోర్డు రంగుతో కలిస్తే ఫోటోలు బాగుంటాయని. ఆమె రఘుపతికి వస్తున్నానని, ఆ తర్వాత చాలా మాట్లాడాల్సి ఉందని రాసింది. ఫహద్‌కు, రేపు రాలేనని, బోర్డు దగ్గర చెప్పడానికి తన దగ్గర ఏమీ లేదని రాసింది. ఆరు నెలల ఉద్యోగంలో ఇంకా మూడు నెలలు మిగిలి ఉన్నాయి. అయినా పంపింది.

నసీమా అదంతా చూస్తూనే ఉంది. సంచి జిప్పు సగం దాకా వేసి ఆపింది. బయట దర్జీ మిషన్ల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

"రాసింది నేను, ఆమె కాదు. ఈ రెండు ముక్కలే చెప్పాల" అంది చివరికి. "నా కష్టం చెప్పద్దు, జాలి పడమనద్దు. మామా, అదే ఆ ఇంటి యజమానురాలు, ఏమన్నా తిడితే మధ్యలో పడద్దు. వాళ్ళు ఒప్పుకోకుంటే నువ్వు బండెక్కి వచ్చేయల్ల, ఏడ్చకుండా."

సింధూజ తల ఊపింది. ఇబ్రి మూడు గంటల దారని, రేపు ఇస్రార్ సెలవు పెట్టి తన స్నేహితుడి కారు తెస్తాడని, ముందు సీట్లో తను కూర్చుంటానని దేవయ్య అన్నాడు. ఆమె చదువుకున్న పిల్ల కాబట్టి ఆలస్యంగా లేస్తుందేమోనని కూడా అనుమానపడ్డాడు.

నసీమా జిప్పు పూర్తిగా లాగేసింది.

"రేపు పొద్దన్నే ఆరింటికి మీ బిల్డింగ్ కింద నిలబడు" అంది. "నువ్వు లేకుంటే పిలిచేది లేదు. మేం పోతాం."